సవరణ: తిరుపతిలో తయారయ్యేది బ్యాటరీ సెల్, లిథియం కాదు

"తిరుపతికి లిథియం సెల్స్ ఫ్యాక్టరీ వచ్చేసింది, ఇక లిథియం దిగుమతి అక్కర్లేదు" అని మొన్నటి పోస్టులో ఉంది. ఫ్యాక్టరీ మాట నిజమే. 2022లో ట్రయల్ ఉత్పత్తి మొదలైంది, సామర్థ్యం రోజుకు 20,000 సెల్స్. దిగుమతి మాటే తీసేశాం. సెల్ తయారీ అంటే రాగి రేకు మీద గ్రాఫైట్, అల్యూమినియం రేకు మీద లిథియం కలిసిన పొడి పూత పూయడం. ఆ లిథియం ఎక్కువగా ఆస్ట్రేలియా గనుల నుంచి, చిలీ ఉప్పునీటి మడుగుల నుంచి వస్తుంది. శుద్ధి చాలావరకు చైనాలోనే. ఇక మన దేశంలో, జమ్మూ కశ్మీర్‌లోని రియాసిలో ఉందని 2023లో ప్రకటించిన 59 లక్షల టన్నుల లిథియం ఖనిజం ప్రాథమిక అంచనా మాత్రమే.

అన్నట్టు, తిరుపతి దగ్గరి కరకంబాడిలో ఏళ్ల తరబడి చేస్తున్న ఇన్వర్టర్ బ్యాటరీల సంగతి వేరు. వాటిలో ఉండేది సీసం. పాత బ్యాటరీ కరిగిస్తే అది మళ్లీ చేతికొస్తుంది.