నెట్ ఆపేస్తే ఈ బొమ్మ ఏం చేస్తుంది?

1999 జనవరిలో అమెరికాలో ఒక వింత వార్త వచ్చింది. ప్రపంచం మాట్లాడుకునేదంతా చెవులు రిక్కించి వినే నేషనల్ సెక్యూరిటీ ఏజెన్సీ, మేరీల్యాండ్ ఫోర్ట్ మీడ్‌లోని తన ఆఫీసుల్లోకి ఫర్బీ అనే పిల్లల బొమ్మని తేవద్దని ఉద్యోగులకి చెప్పింది. గుడ్లగూబకీ చిట్టెలుకకీ మధ్యలో ఉండే ఆ బొచ్చు బొమ్మ చుట్టుపక్కల మాటలు రికార్డ్ చేసుకుని బయట అప్పజెబుతుందేమోనని వాళ్ల భయం. తయారు చేసిన టైగర్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు వెంటనే వివరణ ఇచ్చుకున్నారు, అందులో రికార్డ్ చేసే ఏర్పాటే లేదని. అది నిజం కూడా. ఫర్బీకి ఉన్న మైక్ చప్పుడైందా లేదా అన్నంతవరకే పసిగట్టగలదు, ఏం మాట్లాడామో దానికి తెలిసే దారే లేదు.

మరి అంత పెద్ద సంస్థ ఎందుకలా అనుకుంది? కొన్న కొత్తలో ఫర్బీ ఫర్బిష్ అనే తన సొంత భాషలోనే మాట్లాడుతుంది. ఆడేకొద్దీ మధ్యలో ఇంగ్లిష్ మాటలు పడతాయి, కొన్నాళ్లకి చాలావరకు ఇంగ్లిషే అవుతుంది. చూసేవాళ్లకి అది మన మాటలు విని నేర్చుకుంటోందనే అనిపిస్తుంది. నిజానికి ఆ ఇంగ్లిష్ మాటలన్నీ ఫ్యాక్టరీలోనే చిప్‌లో పెట్టేశారు. ఎంత ఆడితే అంత బయటికి వదలమన్నారు, అంతే. ఆ చిన్న కిటుకు చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

ఫర్బీ వచ్చిన 1998 క్రిస్మస్ నాటికి మన అమీర్‌పేటలో కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్చుకున్న కుర్రాళ్లు వైటూకే పనుల మీద, అంటే 2000 రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పకుండా సరిచేసే పనుల మీద, విమానాలెక్కుతున్నారు. అలా వెళ్లిన మా పిన్ని కొడుకు తన దగ్గర ఏళ్లుగా అటక మీద పడున్న ఫర్బీని ఈమధ్య సెలవుల్లో తెచ్చి మా అమ్మాయికి ఇచ్చాడు. బ్యాటరీలు మార్చి ఊపితే కళ్లు తెరిచింది! మా అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న, "నాన్నా, దీనికి నిజంగా ఆకలేస్తుందా?" రెండో ప్రశ్న, "విప్పి చూద్దామా?" కోఠీ గుజరాతీ గల్లీలో కొన్న స్క్రూడ్రైవర్లు ఇంట్లో ఉండనే ఉన్నాయి, ఇద్దరం నేల మీద పేపరు పరుచుకుని కూర్చున్నాం.

లోపల ఏముందో చెప్పకుండా ముందుకెళ్లలేను. ఫర్బీ కళ్లు మూస్తుంది, తెరుస్తుంది, చెవులు ఆడిస్తుంది, నోరు కదుపుతుంది, ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఇన్ని పనులకీ లోపలున్న మోటారు ఒక్కటే. అది తిప్పే ఇరుసు మీద కొన్ని చక్రాలుంటాయి. అవి నిండు గుండ్రంగా ఉండవు, ఒక్కోటి ఒక్కో చోట ఉబ్బి ఉంటుంది, ఇంజనీర్లు క్యామ్ అనేది వీటినే. ఇరుసు కొంచెం తిరిగితే ఒక చక్రం ఉబ్బు కనురెప్పల మీటని నెడుతుంది, ఇంకొంచెం తిరిగితే ఇంకోదాని ఉబ్బు చెవుల్ని లేపుతుంది. ఎక్కడ ఆపాలో, ఎక్కడ వెనక్కి తిప్పాలో చిప్ చూసుకుంటుంది. నిద్రమత్తు, ఆశ్చర్యం, అలక అన్నీ ఆ ఒక్క ఇరుసు తిరుగుడులోంచే వస్తాయి. సుమారు 35 డాలర్లకి అమ్మాల్సిన బొమ్మలో నాలుగైదు మోటార్లు పెట్టే వీలెక్కడిది? డబ్బు సరిపోని చోట బుర్ర పెట్టారు ఫర్బీని రూపొందించిన డేవ్ హాంప్టన్, కేలెబ్ చుంగ్. ఆ ఇద్దరిలో చుంగ్ అంతకుముందు మాటల్లేకుండా ఒంటితోనే నటించే మైమ్ కళాకారుడు. కళ్లు ఎంతసేపు మూస్తే విసుగులా కనిపిస్తుందో అలాంటివాడికే తెలుస్తుంది మరి.

నాలుక దగ్గర ఒక స్విచ్, పొట్ట మీద ఒకటి, వీపు మీద ఒకటి, తలకిందులు చేస్తే తెలిసే స్విచ్ ఇంకోటి, వెలుతురు చూసే సెన్సర్, ఇంకో ఫర్బీతో కబుర్లాడుకోవడానికి టీవీ రిమోట్‌లో ఉండేలాంటి ఇన్‌ఫ్రారెడ్. వేలితో నాలుక నొక్కడమే అన్నం పెట్టడం అని మా అమ్మాయి తనే కనిపెట్టింది. మళ్లీ బిగించాక దాన్ని ముద్దు చేయడం ఏమాత్రం తగ్గలేదు, ఇంకా ఎక్కువైంది. తోలుబొమ్మలాటలో తెర వెనక్కెళ్లి చూసొచ్చిన పిల్లాడు కూడా మళ్లీ ముందుకొచ్చి నోరు తెరుచుకునే కూర్చుంటాడు కదా. కిటుకు తెలిస్తే సరదా పోతుందని పెద్దవాళ్లం భయపడతాం, పిల్లలకి ఆ భయం లేదు.

అందుకే ప్రాణమున్నట్టు నటించే బొమ్మలంటే నాకేమీ అభ్యంతరం లేదు. జపాన్‌లో 1996లో బండాయ్ తెచ్చిన టమగోచిని చూడండి, గుడ్డు ఆకారంలో చిన్న తెర, మూడు మీటలు, లోపల చుక్కలతో గీసిన ఒక పిల్ల. వేళకి తిండి పెట్టకపోతే చచ్చిపోయేది. పిల్లలు క్లాసులో కూర్చుని దానికి మేత పెడుతుంటే చాలాచోట్ల స్కూళ్లు నిషేధించాయి. దాన్ని రూపొందించిన అకి మైతా, అకిహిరో యొకోయిలకి 1997లో ఇగ్ నోబెల్ అనే సరదా బహుమతి ఇచ్చారు, లక్షలాది పని గంటల్ని లేని పెంపుడు జంతువుల సాకుడికి మళ్లించినందుకు. ఆ చుక్కల పిల్ల కోసం పిల్లలు నిజంగానే ఏడ్చారు. ఆ ఏడుపుని నేను తేలిగ్గా తీసుకోను, కాకపోతే బతికించడం, చంపడం పిల్లల చేతిలోనే ఉంది. ఎక్కడో కూర్చున్న కంపెనీ స్విచ్ కట్టేస్తే చచ్చేది కాదు అది.

సోనీ ఐబో కథ ఇంకా లోతైనది. 1999లో రెండున్నర లక్షల యెన్‌లకి అమ్మకానికి పెడితే జపాన్‌కి కేటాయించిన 3,000 రోబో కుక్కలు 20 నిమిషాల్లో అయిపోయాయి. 2006లో తయారీ ఆపేశారు, 2014లో సోనీ రిపేర్లు కూడా మానేసింది. అప్పుడు యజమానులేం చేశారు? సోనీలో పనిచేసి బయటికొచ్చిన ఇంజనీర్లు ఎ-ఫన్ అని ఒక రిపేరు సంస్థ నడుపుతుంటే వాళ్ల దగ్గరికి పంపారు. విడిభాగాలు దొరకవు కాబట్టి ఇక పనిచేయని కుక్కల కాళ్లు, కీళ్లు తీసి వేరేవాటికి అమర్చాల్సి వచ్చింది. అలా తీసేముందు చిబా ప్రాంతంలో ఇసుమిలోని కొఫుకుజి అనే బౌద్ధాలయంలో వాటికి శాస్త్రోక్తంగా కర్మ జరిపించారు, 2015 నుంచి. వరసగా కూర్చోబెట్టిన రోబో కుక్కలు, ఒక్కోదానికి యజమాని వివరాలు రాసిన చీటీ, ముందు మంత్రాలు చదివే పూజారి. వినడానికి విడ్డూరంగా ఉన్నా ఆ కుక్కలకి కంపెనీ వదిలేశాక కూడా ఇంకో జీవితం దొరికిందంటే కారణం ఒకటే, వాటి తెలివి వాటి ఒంట్లోనే ఉంది, చేతిపని తెలిసినవాడు విప్పి బాగుచేయగలిగాడు.

ఇప్పుడు వస్తున్న మాట్లాడే బొమ్మలతో నా పేచీ ఇక్కడే. నేషనల్ సెక్యూరిటీ ఏజెన్సీ ఫర్బీలో ఉందని భయపడ్డది పద్దెనిమిదేళ్ల తర్వాత ఇంకో బొమ్మలో నిజంగానే దొరికింది. 'మై ఫ్రెండ్ కేలా' అనే బొమ్మ పిల్లల మాటల్ని ఫోన్ యాప్ ద్వారా ఇంటర్నెట్‌కి పంపి జవాబులు తెచ్చేది. దాని బ్లూటూత్‌కి పాస్‌వర్డ్ లాంటి అడ్డేమీ లేకపోవడంతో దగ్గర్లో ఉన్న ఎవరి ఫోనైనా కలిసిపోవచ్చు. 2017 ఫిబ్రవరిలో జర్మనీ నియంత్రణ సంస్థ దాన్ని రహస్య నిఘా పరికరంగా తేల్చి, అమ్మకం నిషేధించి, ఇంట్లో ఉంటే పనికిరాకుండా చేసేయమని తల్లిదండ్రులకి చెప్పింది.

అయినా నన్ను ఎక్కువ బాధపెట్టింది మాక్సీ. అయిదు నుంచి పదేళ్ల పిల్లలకి స్నేహితుడిగా ఉండేందుకు ఎంబాడీడ్ అనే కంపెనీ చేసిన 799 డాలర్ల రోబో అది. 2024 డిసెంబరులో నిధులు రాక కంపెనీ మూతపడుతోందని ప్రకటించారు, క్లౌడ్, అంటే నెట్‌లో దాన్ని నడిపించే కంప్యూటర్లు, ఆగితే మాక్సీ మాట్లాడదని కూడా చెప్పారు. పిల్లలకి ఈ సంగతి ఎలా చెప్పాలో తల్లిదండ్రులకి ఒక ఉత్తరం రాసిచ్చారు. రోబోని పట్టుకుని ఏడుస్తున్న పిల్లల వీడియోలు చూసి నాకు కడుపులో దేవినట్టయింది. తర్వాత ఇంట్లో కంప్యూటర్ మీద నడిపించుకునే సాఫ్ట్‌వేర్‌ని వదిలారు, మంచి పనే, కానీ అది మొదటిరోజే పెట్టెలో ఉండాల్సింది.

అమెరికాలో ఉన్న మా స్నేహితులు కొందరు ఇంకో కోణం చెబుతారు. ఏఐ బొమ్మ తెలుగులో కబుర్లు చెబితే పిల్లలకి భాష అబ్బుతుందేమో అని. ఆ ఆశ నాకు అర్థమవుతుంది, డల్లాస్‌లో పెరిగే పిల్లాడికి రోజంతా చుట్టూ తెలుగు వినపడదు. కానీ దానికోసం పడగ్గదిలో మైక్ తెరిచిపెట్టి ఆ మాటలు ఏ దేశంలోని సర్వర్‌కో పంపనక్కర్లేదు. మెమరీ కార్డు పట్టే చిన్న స్పీకర్లో అమ్మమ్మ గొంతుతో కథలు నింపి ఇవ్వచ్చు. దాన్ని బొమ్మ పొట్టలో పెట్టి కుట్టడం పిల్లలతో కలిసి చేసే పనే.

మన దగ్గర చట్టాల సంగతీ చూడాలి. 2021 జనవరి నుంచి బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. రంగుల్లో సీసం ఉందా, అంచులు కోసుకుంటాయా, షాక్ కొడుతుందా అన్నవి దాంట్లో చూస్తారు. పిల్లల గొంతు ఎటు పోతోందన్నది ఆ పరీక్షలో లేదు. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్ల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉందని రూఢి చేసుకోవాలి, వాళ్ల ప్రవర్తనని వెంటాడి గమనించకూడదు. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలల గడువిచ్చారు. అనుమతి అంటే యాప్‌లో ఒక టిక్కు పెట్టించుకోవడమే అయితే కష్టం, పుట్టినరోజు నాడు పిల్ల ఎదురుగా గెంతుతుంటే ఆ ఇరవై పేజీల షరతులు ఎవరు చదువుతారు?

కాబట్టి కొనేముందు దుకాణంలో నేను అడిగేది ఒక్కటే, నెట్ ఆపేస్తే ఇది ఏం చేస్తుంది? ఏమీ చేయదంటే అక్కడే పెట్టేసి వస్తాను. ప్రభుత్వాన్ని అడగాల్సింది కూడా ఉంది. నెట్‌తో నడిచే ప్రతి బొమ్మ పెట్టె మీదా ఐఎస్ఐ గుర్తు పక్కనే మూడు సంగతులు తెలుగుతో సహా మన భాషల్లో ముద్రించాలి: మైక్ ఎప్పుడు వింటుంది, ఆ మాటలు ఎక్కడ దాస్తారు, సర్వర్ కనీసం ఎన్నేళ్లు నడుపుతామని హామీ ఇస్తున్నారు. కంపెనీ మూతపడితే ఆ సాఫ్ట్‌వేర్‌ని కొన్నవాళ్లకి అప్పజెప్పే షరతు కూడా లైసెన్స్ ఇచ్చేటప్పుడే పెట్టాలి.