పికప్ అమ్మేటప్పుడే ఈ మాట ఎందుకు చెప్పరు?

అమెరికాలో పెద్ద పికప్ కొని, వెనక ట్రెయిలర్ తగిలించుకుని సొంతంగా ఏదో ఒక వ్యాపారం చేసుకుంటున్న మనవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. పెళ్లి మండపాలు వేసేవాళ్లు, కేటరింగ్ వాళ్లు, ఇళ్ల రిపేర్లు చేసేవాళ్లు. తమ బండి చట్టం దృష్టిలో లారీల కోవలోకే వస్తుందని వీళ్లలో ఎక్కువమందికి పోలీసు ఆపేదాకా తెలియదు. ఇందులో తప్పు వాళ్లది కాదని నా గట్టి అభిప్రాయం.

డ్రైవర్ వైపు డోర్ తెరిస్తే పక్కన ఒక స్టిక్కర్ ఉంటుంది. అందులో జీవీడబ్ల్యూఆర్ అని ఒక అంకె. బండి, మనుషులు, సామాను అన్నీ కలిపి ఎంత బరువు దాకా పర్వాలేదో కంపెనీ చెప్పిన లెక్క అది. ట్రెయిలర్‌కీ ఇలాంటి స్టిక్కరే ఉంటుంది. వ్యాపారం పని మీద రాష్ట్రం దాటుతున్నప్పుడు ఈ రెండు అంకెలూ కలిపి 10,001 పౌండ్లు అయితే చాలు, ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) రూల్స్ ప్రకారం మీది కమర్షియల్ వాహనం. దీనికి పెద్ద పికప్పే అక్కర్లేదు. 7,000 పౌండ్ల మామూలు పికప్‌కి 3,500 పౌండ్ల చిన్న ట్రెయిలర్ తగిలించినా 10,500 అవుతుంది. ఇక వెనక నాలుగు చక్రాలుండే ఫోర్డ్ పెద్ద పికప్ ఎఫ్-350 డ్యూయలీ లాంటిదైతే ఒంటరిగానే 14,000 దాకా ఉంటుంది.

అక్కడి నుంచి అన్నీ మొదలు. కేంద్ర రవాణా శాఖ ఇచ్చే యూఎస్ డాట్ నంబర్ తీసుకుని బండికి రెండు పక్కలా రాయించాలి. కనీసం రెండేళ్లకోసారి డాక్టర్ పరీక్ష చేయించుకుని మెడికల్ కార్డు దగ్గర పెట్టుకోవాలి. ఏడాదికోసారి ఇన్‌స్పెక్షన్, బండిలో ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, మూడు రిఫ్లెక్టర్ ట్రయాంగిల్స్. డ్యూటీ ఎక్కాక 14 గంటల లోపలే డ్రైవింగ్ ముగించాలి, అందులోనూ 11 గంటలకు మించి నడపకూడదు. దూరం వెళ్తే లాగ్ రాయాలి, అంటే ఏ గంట ఏం చేశామో లెక్క. పక్కవాళ్ల సామాను కిరాయికి తీసుకెళ్లారా, ఇన్సూరెన్స్ 7,50,000 డాలర్లకు ఉండాలి, ఆపరేటింగ్ అథారిటీ అనే కిరాయి రవాణా అనుమతి వేరే.

నాకు బాగా తెలిసిన ఒకతను టెక్సాస్‌లోని డాలస్ నుంచి ఓక్లహోమాలోని టల్సాకి పెళ్లి మండపం తీసుకెళ్తున్నాడు. పికప్ స్టిక్కర్ మీద 14,000, ట్రెయిలర్ మీద 14,000. లోపల ఉన్నవి ఫైబర్ స్తంభాలు, బట్టలు, ప్లాస్టిక్ పూలు. తూకం వేస్తే అందులో సగం బరువు కూడా తేలదు. కానీ దారిలో ఆపిన ఆఫీసర్ లోడ్ వంక చూడలేదు. డోర్ తెరిపించి స్టిక్కర్ చదివాడు, వెనక్కి వెళ్లి వంగి ట్రెయిలర్ స్టిక్కర్ చదివాడు, రెండూ కూడాడు. 28,000. ట్రెయిలర్ 10,000 పైన ఉండి మొత్తం 26,001 చేరితే క్లాస్ ఏ సీడీఎల్, అంటే పెద్ద లారీలు నడిపే కమర్షియల్ లైసెన్స్ ఉండాలి. ఇతని దగ్గర మామూలు లైసెన్స్. బండి అక్కడే ఆగిపోయింది. సీడీఎల్ ఉన్న డ్రైవర్‌ని వెతికి రప్పించేసరికి రాత్రయింది. అవతల పెళ్లివారు ఫోన్ మీద ఫోన్. ట్రెయిలర్ స్టిక్కర్ మీద 12,000 అని ఉండుంటే మొత్తం 26,000 అయ్యేది, సీడీఎల్ అడిగేవాళ్లే కాదు. లోడ్ అదే, మనిషీ అతనే.

ఈ పద్ధతి నాకు అన్యాయంగా అనిపిస్తుంది. భద్రత కోసం అంటారు, ఆ మాట నేను కాదనను. పెద్ద ట్రెయిలర్ హైవే మీద ఊగడం మొదలైతే ఎంత ప్రమాదమో చూసినవాళ్లకి తెలుసు. బ్రేకులు, టైర్లు, గొలుసులు సరిగ్గా లేని బండిని నిలిపేయాల్సిందే. మరి అదే పికప్‌కి 16,000 పౌండ్ల క్యాంపర్ (ఇల్లు లాంటి ట్రెయిలర్) తగిలించి సెలవులకు కుటుంబంతో దేశమంతా తిరిగేవాళ్ల సంగతేంటి? అది సొంత అవసరం కాబట్టి ఫెడరల్ రూల్స్ ఏవీ వర్తించవు. కొన్ని రాష్ట్రాలు వేరే క్లాస్ లైసెన్స్ అడుగుతాయి, చాలా చోట్ల అదీ లేదు. మెడికల్ కార్డు లేదు, గంటల లెక్క లేదు. ప్రమాదం బరువు వల్లే అయితే ఇద్దరికీ ఒకే శిక్షణ, ఒకే తనిఖీ ఉండాలి కదా? రోజూ ఈ పని చేస్తూ చెయ్యి తిరిగిన వ్యాపారి మీదే భారమంతా ఎందుకు?

రాష్ట్రం గీత సంగతి ఇంకా విచిత్రం. టెక్సాస్‌లో రాష్ట్రం లోపలే తిరిగితే, మామూలు సామానుకి ఈ రూల్స్ 26,000 పౌండ్లు దాటాకే మొదలవుతాయి. అంటే 20,000 పౌండ్ల లెక్కతో డాలస్ నుంచి ఎల్ పాసోకి 600 మైళ్లకు పైగా ఈ గొడవేమీ లేకుండా వెళ్లిరావచ్చు. అదే బండితో రెండు రాష్ట్రాల హద్దు మీదున్న టెక్సర్కానాలో రోడ్డు దాటి అర్కాన్సాస్ వైపు పని ఒప్పుకుంటే మొత్తం పుస్తకం నెత్తిన పడుతుంది. హద్దు అన్ని చోట్లా 26,000 పెట్టమని నేననేది ఇందుకే. దానికి కింద బండి కండిషన్ చూడండి, గట్టిగా చూడండి, మనిషిని కాగితాలతో చంపకండి.

అది జరిగేదాకా కనీసం అమ్మేవాళ్లు చెప్పాలి. పికప్ కొనేటప్పుడు వారంటీ, లోన్, సీటు కవర్ల గురించి గంటసేపు మాట్లాడతారు, ఎన్నో సంతకాలు పెట్టిస్తారు. “మీరు దీన్ని వ్యాపారానికి వాడతారా? రాష్ట్రం దాటుతారా?” అని అడిగి ఒక్క కాగితం చేతిలో పెట్టడానికి ఏం పోతుంది? ట్రెయిలర్ అమ్మేవాళ్లకైతే ఏ పికప్‌కి తగిలిస్తున్నారో కళ్ల ముందే కనిపిస్తుంది. ఇది చట్టంలోనే పెట్టాలని అడుగుదాం. మన సంఘాలు కూడా దీని మీద మాట్లాడాలి.

ఈలోగా మీరే డోర్ తెరిచి రెండు స్టిక్కర్లూ కూడుకోండి. డాట్ నంబర్ ఉచితం, ఈ రూల్స్ చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎమ్‌సీఎస్ఏ వెబ్‌సైట్‌లో మీరే తీసుకోవచ్చు. నంబర్ రాగానే ప్రభుత్వం పంపినట్టే కనిపించే ఉత్తరాలు, ఫోన్లు మొదలవుతాయి, అప్‌డేట్ చేస్తాం డబ్బు కట్టమని. రెండేళ్లకోసారి చేయాల్సిన ఆ అప్‌డేట్ కూడా ఉచితమే, దానికోసం ఎవరికీ పైసా కట్టకండి.