12 గంటల ప్రాక్సీ మాహాత్మ్యం

ఎక్కడెక్కడి కంప్యూటర్ కేంద్రాలనో ఒకే గ్రిడ్‌గా కలిపి నడిపే సాఫ్ట్‌వేర్‌లో, అంటే గ్రిడ్ మిడిల్‌వేర్‌లో, ఎక్స్.509 ప్రాక్సీలనే తాత్కాలిక గుర్తింపు పత్రాలను దశలవారీగా తొలగించి టోకెన్లనే కొత్తరకం అనుమతి చీటీలను ప్రవేశపెడుతున్నారు కనుక, రెండు దశాబ్దాలకు పైగా శాస్త్రానికి కాపలా కాసిన ప్రాక్సీ గారి పదవీ విరమణ సన్మానంలో మా కర్నూలు తరఫున కూడా ఒక శాలువా కప్పడం ధర్మం. వారి ఘనకార్యం లోకవిదితమే: పుట్టిన 12 గంటలకు తాను పోవడం, పోతూ పోతూ క్యూలో నిలబడి ఉన్న జాబ్‌ను, అంటే గ్రిడ్‌కు అప్పగించిన పనిని, కూడా వెంట తీసుకుపోవడం.

గ్రిడ్ అన్న పేరు విద్యుత్ గ్రిడ్‌ను చూసి పెట్టినదే. ఇయాన్ ఫోస్టర్, కార్ల్ కెసెల్మన్ ప్రభృతులు గ్లోబస్ టూల్‌కిట్ అనే గ్రిడ్ సాఫ్ట్‌వేర్‌ను నిర్మిస్తున్న 1990లలో, ప్లగ్గు పెట్టగానే కరెంటు వచ్చినట్టు ఎక్కడివారికైనా గణనశక్తి అందాలన్నది ఆశయం. ఓర్వకల్లు దగ్గర గని, శకునాల గ్రామాల్లో 1000 మెగావాట్ల సౌర పార్కును కళ్లారా చూస్తున్న మేము ఈ ఉపమానాన్ని అక్షరాలా అమలు చేసి చూపగలం.

బుధవారపేటలో ఒక ఇల్లాలు ఉగ్గానిలోకి పుట్నాల పొడి కొట్టదలచిందనుకుందాం. ముందుగా ఆమె గుర్తింపు కార్డుతో సర్టిఫికెట్లు జారీ చేసే సంస్థ ప్రతినిధి ఎదుట స్వయంగా హాజరై ఏడాది చెల్లే సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఆపై ఒక వర్చువల్ ఆర్గనైజేషన్‌లో, అంటే గ్రిడ్‌ను కలిసి వాడుకునే బృందంలో, సభ్యత్వం పొంది, పాస్‌ఫ్రేజ్ కొట్టి, 12 గంటల ప్రాక్సీని పుట్టించి, మిక్సీ జార్ ఎంతదో మిరపకాయలెన్నో జేడీఎల్ అనే జాబ్ వివరణ భాషలో అర్జీ రాసుకోవాలి. జీలైట్ అనే మిడిల్‌వేర్ సంప్రదాయం ప్రకారం ఆ అర్జీ సబ్‌మిటెడ్ అవుతుంది, వెయిటింగ్ అవుతుంది, రెడీ అవుతుంది, షెడ్యూల్డ్ అవుతుంది, పిల్లలు ఖాళీ కడుపుతో బడికి వెళ్లిపోయాక అబార్టెడ్ అవుతుంది, ఎందుకంటే ప్రాక్సీ గడువు తీరినది. ఆమె పట్టు వదలక కొత్త ప్రాక్సీతో మళ్లీ పంపితే ఈసారి డన్ అని కబురు వస్తుంది. సంబరంగా మూత తీస్తే పప్పు పప్పుగానే ఉంటుంది. డన్ అయిన పని ఫెయిల్ అయినది కూడా కావచ్చునన్నది ఆ పరిభాషలోని సూక్ష్మం. అత్తగారు రోకలి చేతికిచ్చి, "దీనికి పాస్‌ఫ్రేజేమీ అక్కర్లేదులేమ్మా, దంచు" అంటుంది.

కాపలాయే వద్దని ఎవరూ అనరు. ముక్కూమొహం తెలియనివారి ప్రోగ్రాంకు తమ యంత్రాన్ని అప్పగించేవారికి అనుమానం ఉండాల్సిందే. దొంగల చేతికి చిక్కినా ఎక్కువసేపు పనికిరాకూడదనే ప్రాక్సీకి అల్పాయుష్షు పెట్టారు. దాన్ని మధ్యలో పునరుద్ధరించడానికి మైప్రాక్సీ సర్వర్ కూడా ఉంది, అది ఉన్నదని తెలిసినవారి కోసం.

కడుపు మండేది ఇక్కడ. సెర్న్‌లోని ఎల్‌హెచ్‌సీ అనే కణ త్వరణ యంత్రం కోసం వెలసిన, దాదాపు 170 కేంద్రాలున్న గ్రిడ్‌లో అట్లాస్ ప్రయోగం వారు పాండాను, ఎల్‌హెచ్‌సీబీ ప్రయోగం వారు డిరాక్‌ను, జాబ్‌లు నడిపే సొంత వ్యవస్థలుగా కట్టుకుని, ఉత్తుత్తి పైలట్ జాబ్‌లను ముందు పంపి, చోటు దొరికాకనే అసలు పనిని దించుకున్నారు. ఈ మిడిల్‌వేర్‌తో నేరుగా వేగలేమని అందరికన్నా ముందు గ్రహించినవారు దాన్ని అందరికన్నా ఎక్కువ వాడినవారే. వారికి ఇంజినీర్ల దండు ఉంది. మా సీమలో వర్షపాత నమూనా నడపాలని ఒంటరిగా కూర్చున్న పరిశోధక విద్యార్థినికి ఎవరున్నారు? అర్థంకాని దోషసందేశాన్ని చూసి తనకే తెలివి లేదని కుమిలిపోయిన ఆ పిల్లతో, తప్పు నీది కాదు తల్లీ అని ఒక్కరైనా అన్నారా? ఏ క్యూలో ఎంతసేపు ఆగాలో సమాచార వ్యవస్థే అంచనా కట్టి ప్రకటిస్తుంది. ప్రాక్సీకి ఎన్ని గంటలు మిగిలాయో ప్రాక్సీ మీదే రాసి ఉంటుంది. ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి ఆమెకు గుమ్మంలోనే హెచ్చరిక చెప్పడానికి ఏ శాస్త్రం అడ్డొచ్చింది? సిగ్గుండాలి.

గ్లోబస్ టూల్‌కిట్‌కు దాని నిర్మాతలే 2018 జనవరిలో సేవలు నిలిపివేశారు, ఇప్పుడు ప్రాక్సీ వంతు. రాబోయే యాక్సెస్ టోకెన్ ఆయుష్షు ప్రాక్సీ కన్నా తక్కువేనట, దాన్ని మాటిమాటికీ బతికించడానికి రిఫ్రెష్ టోకెన్ వేరే ఉంటుందట. ఆ బతికించే పనిని ఈసారి మిడిల్‌వేరే చూసుకుంటుందో, ఆ పిల్లే తెల్లవారుజామున లేచి చూసుకోవాలో, తెలిసిన పెద్దలు ముందుగానే రాతపూర్వకంగా సెలవివ్వాలి.