గల్ఫ్‌లో జాడ తెలియని మనిషి కోసం ముందు చెన్నైలో వెతకండి

చెన్నైలో ప్రైవేట్ డిటెక్టివ్ అంటే చాలామందికి పెళ్లి సంబంధాల ఎంక్వైరీలే గుర్తొస్తాయి. కానీ వాళ్ల దగ్గరికి ఇంకోరకం జనం కూడా వెళ్తుంటారు. కువైట్‌కో సౌదీకో పనికి వెళ్లి, ఫోన్ రావడం ఆగిపోయిన కొడుకు కోసమో, చెల్లెలి కోసమో తిరిగేవాళ్లు. రాజంపేట, రాయచోటి వైపు నుంచి గల్ఫ్ వెళ్లేవాళ్లలో చాలామంది ఇక్కడే విమానం ఎక్కుతారు కాబట్టి, ఏదన్నా అయితే ఇంటివాళ్లు మళ్లీ ఈ ఊరికే పరిగెత్తుకొస్తారు. "అక్కడ మావాడున్నాడు, నెలలో కనుక్కుంటాం" అని చెప్పి సగం డబ్బు ముందే పుచ్చుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. డిటెక్టివ్ వల్ల ఉపయోగం లేదని కాదు, ఉంది. అయితే ఆ ఉపయోగం చాలావరకు ఇక్కడే.

ఎందుకంటే, అక్కడ కనిపించకుండా పోయిన మనిషి జైల్లోనో, డిపోర్టేషన్ సెంటర్‌లోనో, ఆసుపత్రిలోనో, మార్చురీలోనో ఉంటే ఆ దేశపు రికార్డులో ఎక్కడో పేరు ఉంటుంది. ఆ రికార్డు అడిగే హక్కు మన ఎంబసీకి ఉంది, ఏజెన్సీ వాడి స్నేహితుడికి లేదు. దొడ్డిదారిన తెప్పిస్తే కేసవుతుంది. మన దేశంలోనే 2018లో కాల్ రికార్డులు అక్రమంగా కొన్నారని ఠాణే పోలీసులు ప్రైవేట్ డిటెక్టివ్‌లను అరెస్ట్ చేశారు. ఎంబసీకి కూడా అన్నీ తెలియవు. 1963 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం అరెస్టయిన మనిషి తానుగా కోరితేనే అతని దేశపు కాన్సులేట్‌కు కబురు చేయాలి. పరువు పోతుందని భయపడి కోరనివాళ్లుంటారు, అలా కోరొచ్చని తెలియనివాళ్లు ఇంకా ఎక్కువ.

ఇవేవీ కాకుండా, మనిషి బతికే ఉండి, కావాలనే దాక్కుని ఉండొచ్చు. దీని గురించి ఇంటివాళ్లు ఆలోచించడానికి కూడా ఇష్టపడరు. కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) జీతం ఇవ్వక, పాస్‌పోర్టు లాక్కుంటే పారిపోయి, అకామా (అక్కడ ఉండేందుకిచ్చే పర్మిట్) లేకుండా బయట పనిచేసేవాళ్లను అక్కడ మనవాళ్లు ఖల్లివల్లి అంటారు. సౌదీలో అయితే యజమాని హురూబ్, అంటే పనివాడు పారిపోయాడని ఫిర్యాదు, పెట్టేస్తాడు, ఇక పోలీసు కంటపడితే పట్టుకుపోతారు. ఊళ్లో అప్పు తీరలేదు, ఏం మొహం పెట్టుకుని ఫోన్ చేయాలి అని మౌనంగా ఉండిపోయేవాళ్లూ ఉన్నారు. పర్మిట్ లేనివాళ్లను ఇంటికి వెళ్లనిచ్చే క్షమాభిక్షను అక్కడి ప్రభుత్వం ఎప్పుడు ప్రకటిస్తుందా అని వాళ్లు ఎదురుచూస్తుంటారు, కువైట్, యూఏఈ రెండూ 2024లో ప్రకటించాయి. అలాంటి మనిషి ఫోటో పట్టుకుని లేబర్ క్యాంపుల్లో వాకబు చేస్తే, సంగతి కఫీల్ చెవిన పడటానికి ఎంతసేపు? వెతకడమే అతన్ని పట్టించినట్టవుతుంది.

ఇక్కడి పని ఏమిటో చెప్తాను. చెల్లెలి కోసం వచ్చిన ఒక పెద్దావిడ ప్లాస్టిక్ కవర్లో కాగితాలన్నీ జాగ్రత్తగా పెట్టుకుంది. పాస్‌పోర్టు జిరాక్స్, మడతల్లో చిరిగిన వీసా కాపీ, పేరు తప్ప అడ్రస్ లేని ఏజెంట్ కార్డు, డబ్బు పంపిన ఎక్స్ఛేంజ్ రసీదు ఒకటి. వీసా మీద యజమాని పేరు అరబ్బీలో ఉంది, అన్నాళ్లూ దాన్ని ఎవరితోనూ చదివించలేదు. ట్రిప్లికేన్‌లో అరబ్బీ వచ్చిన పెద్దాయన ఒకరు నిమిషంలో చదివి రాసిచ్చారు. ఆ పేరు లేకుండా ఎంబసీకి ఎన్ని ఫిర్యాదులు పెట్టినా ఎవరిని అడగాలో వాళ్లకు తెలియదు. డిటెక్టివ్ చేయాల్సింది ఇదే. ఆ కాగితాలు చదవడం, ఆ కార్డు వెనకున్న సబ్ ఏజెంట్‌ను పట్టుకోవడం, అదే ఇంట్లోనో అదే గదిలోనో ఉండి తిరిగొచ్చేసిన మనిషి ఏ ఊళ్లో ఉన్నాడో కనుక్కుని నిదానంగా మాట్లాడించడం.

నిజానికి ఇది పోలీసుల పని. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా మనుషులను విదేశీ పనికి పంపడం నేరం, రిజిస్టరైన ఏజెంట్ కూడా జీఎస్టీ కాక ముప్పైవేలకు మించి తీసుకోకూడదు. డబ్బు ఇక్కడ చేతులు మారింది, మోసం ఇక్కడ జరిగింది. అయినా స్టేషన్‌కు వెళ్తే "అది విదేశం కేసమ్మా" అంటారు, పాస్‌పోర్టులో కడప అడ్రస్ చూసి అక్కడికి పొమ్మంటారు. తమ పరిధి కాకపోయినా ఏ స్టేషన్లో అయినా ఫిర్యాదు తీసుకుని జీరో ఎఫ్ఐఆర్ రాయాలని కొత్త నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెప్తోంది కదా, గట్టిగా అడగండి. విదేశాల్లో ఇబ్బందిపడే మనవాళ్ల ఫిర్యాదుల కోసం 2015 నుంచి విదేశాంగ శాఖ మదద్ పోర్టల్ ఉంది, పైసా ఖర్చు లేదు, మొదట అందులో ఫిర్యాదు పెట్టండి. "పరిశీలనలో ఉంది" అనే జవాబు దగ్గరే కేసు ఆగిపోతే ఇంటివాళ్లు ఎన్నాళ్లని చూస్తారు? డిటెక్టివ్ రాత్రి తొమ్మిదింటికైనా ఫోన్ ఎత్తుతాడు. జనం డబ్బు కట్టేది చాలావరకు ఆ ఒక్క దానికే, వాళ్లను తప్పుపట్టలేం. ప్రతి కేసుకూ ఒక ఆఫీసర్ పేరు, నంబరు ఇచ్చి, వారానికోసారి ఆయనే ఫోన్ చేసేలా పెడితే ఈ టెన్షన్ సగం తగ్గుతుంది.

 

మన దగ్గర సెక్యూరిటీ గార్డుల ఏజెన్సీలకు 2005 చట్టం ఉంది. డిటెక్టివ్‌ల కోసం 2007లో రాజ్యసభలో పెట్టిన బిల్లు చట్టం కాలేదు, అందుకే ఎవరైనా బోర్డు పెట్టేయొచ్చు. మళ్లీ చట్టం తెస్తే లైసెన్సు, రాతపూర్వక ఒప్పందం ఎలాగూ ఉండాలి. దానికంటే ముఖ్యంగా, దొరికిన మనిషి మేజర్ అయితే ముందు అతన్నే అడిగి, సరేనంటేనే అడ్రస్ ఇంటివాళ్లకు చెప్పాలని, వద్దంటే "బతికే ఉన్నాడు" అన్న ఒక్క మాట మాత్రం తప్పకుండా చేరవేయాలని అందులో రాయాలి.