నడకకు ఫీజెంతండీ?

విశాఖ జనానికి ఇన్నాళ్ళూ నడవడం రాదన్న సంగతి నాకు తెలియదు. ద్వారకానగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ వారు కనిపెట్టారు. మా మేనల్లుడు వెంటనే చేరిపోయాడు. బీటెక్ అయ్యి రెండేళ్ళయినా ఉద్యోగం రాకపోవడానికి కారణం వాడు ప్రతిదానికీ 'వాక్' అనడమేనని సారు మొదటి రోజే తేల్చేశారు. తీరిగ్గా షికారు కొడితే స్ట్రోల్, కులాసాగా పోతే సాంటర్, ఛాతీ విరుచుకుని నడిస్తే స్ట్రట్, ఒళ్ళు హూనమై కాళ్ళీడిస్తే ట్రడ్జ్, తూలితే స్టాగర్. (ఈ చివరిదానికి మా సందు మొగలో రాత్రి తొమ్మిది దాటాక ఉచిత శిక్షణ ఉంది.)

ఆదివారం సాయంత్రం ప్రాక్టికల్స్. ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం దాకా ఇరవై మంది, తలో క్రియ. ముందు ఒకడు కోడిపుంజులా రొమ్ము విరుచుకుని, వెనక ఇద్దరు తూలుకుంటూ. ఎవరో పెద్దావిడ మనవల్ని చప్పున పక్కకి లాక్కుంది. మావాడికి ట్రడ్జ్ పడింది. ఇసకలో కాళ్ళీడుస్తూ వస్తుంటే ముంత మసాలా అతను జాలిపడి, "ఏటి బాబూ, కాలు బెణికీసిందా? ఇలా కూకో" అన్నాడు. సారు మురిసిపోయారు.

నేను అతని చేతులు చూస్తున్నాను. ఉల్లిపాయ తరిగి, టమాటా చిదిమి, నిమ్మచెక్క పిండి, కారం జల్లి, ముంతలో గిలక్కొట్టి, పొట్లంలోకి ఒంపాడు. అర నిమిషంలో ఆరు క్రియలు. మావాడైతే ఆనియన్ కట్ చేసి, లెమన్ స్క్వీజ్ చేసి, మిక్స్ చేసి అంటాడు. 'చేసి' ఒక్కటీ తగిలిస్తే తెలుగైపోతుంది. వాడి తెలుగులో మిగిలిన క్రియ కూడా అదొక్కటే. 1852లో బ్రౌన్ దొర మన మాటలన్నీ ఏరి నిఘంటువులో అచ్చేయించాడు కదా, ఇంక మన దగ్గరెందుకు అనుకున్నట్టున్నాం.

ఇంగ్లీషు వద్దని ఎవరన్నారు? ట్రడ్జ్ మంచి మాటే. ఇక్కడిదాకా నవ్వుకుంటూనే రాశాను కూడా. గురువారం క్లాసు సంగతి విన్నాక మాత్రం నవ్వు రావడం లేదు.

ట్రడ్జ్ అంటే ఏమిటని సారు అడిగారట. పలాస వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న ఒక అమ్మాయి లేచి, "కాళ్ళీడ్సుకుంటా నడవడం సార్" అంది. ఆ యాసకి క్లాసంతా గొల్లుమంది. తెలుగు మాట్లాడినందుకు పది రూపాయలు ఫైన్! అర్థం అడిగిందెవరయ్యా? ఆ పిల్ల తల్లి జీడిపిక్కలు కొట్టి, జీడి అంటి వేళ్ళు పొక్కిపోయి, ఆ కూలి డబ్బుల్లోంచి కట్టిన ఫీజు అది. పొద్దుగూకాక అమ్మ ఇంటికొచ్చే తీరు రోజూ చూసి నేర్చుకున్న మాట అది. నీ బోర్డు మీద ఉన్న దేనికైనా అంత బరువుందా? దానికి జరిమానా వేయడానికి నువ్వెవడివి? సిగ్గుండక్కర్లేదూ!

ఆ పిల్ల ఏమీ అనలేదట. పది రూపాయల నోటు బల్ల మీద పెట్టి, సారు వైపు ఒక్కసారి కొరకొరా చూసి కూర్చుందట.

సోమవారం నుంచి చూపుల మీద పాఠాలు. మొదటి మాట గ్లేర్.