సీలు చూసి హార్డ్ డిస్కును నమ్మకండి

తిరుపతిలో పెళ్లి వీడియోలు తీసేవాళ్లందరికీ చెప్తున్నా. కొత్త హార్డ్ డిస్కు కొన్న సాయంత్రమే తిరుచానూరు పెళ్లి ఫుటేజీ అందులోకి ఎక్కించి, కెమెరా కార్డులు ఫార్మాట్ కొట్టేయడం ఇకనైనా ఆపండి. ముందు ఆ డిస్కును పూర్తిగా పరీక్షించండి.

"సీలు కూడా తియ్యలేదన్నా, కొత్తదే" అంటారు కొట్లో. ఫ్యాక్టరీ నుంచి గాంధీ రోడ్డు చేరేలోపు ఆ డబ్బాని ఎవరు ఎక్కడ విసిరారో సీలుకేం తెలుసు?

క్విక్ ఫార్మాట్ చేశాం కదా అంటారు కొందరు. అది ఫైళ్ల పట్టికను కొత్తగా రాస్తుంది, అంతే. మిగతా సెక్టార్ల (డేటా దాచే చిన్న చిన్న గడుల) జోలికే పోదు. క్విక్ ఫార్మాట్ దగ్గరున్న టిక్కు తీసేసి ఫుల్ ఫార్మాట్ పెట్టండి, విస్టా నుంచి విండోస్ డిస్కంతా సున్నాలు రాస్తోంది. తర్వాత స్మార్ట్ (డిస్కు తన ఆరోగ్యాన్ని తానే గమనించుకునే ఏర్పాటు) లాంగ్ టెస్టు పెడితే డిస్కు తన ఉపరితలమంతా తానే చదువుకుంటుంది. లినక్స్ తెలిసినవాళ్లకైతే బ్యాడ్‌బ్లాక్స్ అనే పరీక్ష ప్రోగ్రామ్ ఉంది. రైట్ మోడ్‌లో నాలుగు రకాల నమూనాలు రాసి, ప్రతిదాన్నీ తిరిగి చదివి సరిచూస్తుంది. డిస్కులో ఉన్నదంతా పోతుంది కాబట్టి ఖాళీ డిస్కు మీదే చెయ్యాలి. నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు చదవాలి కాబట్టి, సెకనుకు 150 ఎంబీ లెక్కన 4 టీబీ డిస్కుకు రెండున్నర రోజులు పడుతుంది. పట్టనివ్వండి! ముహూర్తం ముందురోజు కొంటే ఎలాగూ కుదరదు, ముందే కొనండి. కరెంటు పోతుంటుంది గనక యూపీఎస్ మీద పెట్టండి.

అయ్యాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో (స్మార్ట్ లెక్కలు చూపించే విండోస్ ప్రోగ్రామ్) తెరవండి. 05, సీ5, సీ6 వరసల్లో (పాడై మార్చిన, అనుమానంగా ఉన్న, సరిచేయలేని సెక్టార్ల లెక్కలు) రా వాల్యూ, అంటే అసలు అంకె, సున్నా ఉండాలి. సీ7 (డేటా వచ్చిపోయే దారిలో దొర్లిన తప్పుల లెక్క) పెరుగుతుంటే ముందు కేబుల్ మార్చి చూడండి, చాలాసార్లు తప్పు అక్కడే. పవర్ ఆన్ అవర్స్ కూడా చూడండి. కొత్తదని అమ్మిన డిస్కు అప్పటికే వందల గంటలు తిరిగి ఉంటే గట్టిగా అడగాల్సిందే.

"పాడైంది ఒక్క సెక్టారే కదా" అనే మాట నాకు అస్సలు నచ్చదు. గూగుల్ వాళ్లు తమ డిస్కుల మీద 2007లో ప్రచురించిన పరిశోధనలో, మొదటి స్కాన్ ఎర్రర్ (ఉపరితలాన్ని చదువుతుంటే దొరికే తప్పు) వచ్చిన డిస్కు 60 రోజుల్లో పోయే అవకాశం ఎర్రర్ లేనివాటికంటే 39 రెట్లు ఎక్కువని తేలింది. వారంటీలో డిస్కు మార్చిస్తారు సరే, జీలకర్ర బెల్లం పెట్టిన ఆ క్షణాన్ని ఎవరిస్తారు? ఆ అమ్మాయికి మళ్లీ పెళ్లి చేయిస్తామా?

కొట్లవాళ్లకూ ఒక విన్నపం. వారం లోపల బ్యాడ్ సెక్టార్లు చూపిస్తే కొత్తది మార్చిస్తామని బిల్లు మీదే రాసివ్వండి. అలా రాసిచ్చే కొట్టు ఏదైనా తెలిస్తే కామెంట్లో పెట్టండి, ఇకమీదట నా డిస్కులన్నీ అక్కడే కొంటాను.