కుకోచ్‌ని అంత తేలిగ్గా తీసేయకండి

క్రొయేషియా బాస్కెట్‌బాల్ ఆటగాడు టోనీ కుకోచ్‌ని, షికాగో బుల్స్ జట్టులో మైకేల్ ‘జోర్డాన్ పక్కనుండి గెలిచినవాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు ఒక వ్యాసంలో. అన్యాయమండీ. అమెరికాలోని షికాగో జట్టుకి రాకముందే, తన ఊరు స్ప్లిట్ జట్టుతో 1989, 90, 91 వరుసగా మూడేళ్లు యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ కప్పు కొట్టాడు. 1994లో ఎన్‌బీఏ (అమెరికా లీగ్) నాకౌట్ దశ, అంటే ప్లేఆఫ్స్‌లో న్యూయార్క్‌తో మ్యాచ్ గుర్తుందా? స్కోరు సమం, మిగిలింది 1.8 సెకన్లు. ఆఖరి షాట్ తనకివ్వలేదని షికాగో స్టార్ స్కాటీ పిప్పెన్ అలిగి బెంచీ మీంచి లేవలేదు. కుకోచ్ బంతి అందుకుని, గిర్రున తిరిగి వేశాడు, పడింది! జోర్డాన్ అప్పుడు జట్టులోనే లేడు, బేస్‌బాల్ ఆడుకుంటున్నాడు. దాదాపు ఏడడుగుల మనిషి, ఎడమచేతివాటం, అయినా ఆట నడిపించే పాయింట్ గార్డులా పాసులిచ్చేవాడు. 1996లో సిక్స్త్ మ్యాన్ (బెంచీ మీంచి వచ్చి ఆడేవాళ్లలో ఉత్తముడికిచ్చే) అవార్డూ తనదే. బాస్కెట్‌బాల్ దిగ్గజాలకిచ్చే గౌరవం హాల్ ఆఫ్ ఫేమ్‌కి మాత్రం 2021 దాకా ఆగాల్సొచ్చింది, నా మంటంతా అదే.